చిన్న మందుల కంపెనీని నడిపేది ఎవరు? రాయవేలూరు, గుడియాత్తం తెలుగు కుటుంబాలు తెలుసుకోవలసిన సంగతులు

రాయవేలూరు, గుడియాత్తం వైపు మన తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు ఇంటికొకరు కాకపోయినా వీధికొకరైనా ఫార్మసీ చదివిన పిల్లలు కనిపిస్తున్నారు. తాతల తరం మగ్గం మీద, అగ్గిపెట్టెల కంపెనీల్లో, మండీ వ్యాపారంలో బతికింది. తండ్రుల తరం గవర్నమెంటు ఉద్యోగం వెతుక్కుంది. ఈ తరం బి.ఫార్మ్, బయోటెక్నాలజీ అంటోంది. దాంతో పెద్దలకు కొత్త చిక్కు వచ్చింది. మొన్న పుట్టిన ఒక మందుల కంపెనీ పిల్లవాడికి ఉద్యోగం ఇస్తానంటుంది. లేదా తెలిసినవారి ద్వారా, కొంత డబ్బు పెట్టండి, వాటా ఇస్తామని కబురు వస్తుంది. చేతికి వచ్చిన రంగుల పుస్తకంలో మొదటి పేజీలోనే కోటు, టై వేసుకున్న నలుగురి ఫొటోలు ఉంటాయి. ఒకాయన డాక్టరు, ఒకాయన అమెరికాలో ఇరవై ఏళ్లు, ఇంకొకాయన పెద్ద కంపెనీలో మాజీ వైస్ ప్రెసిడెంటు. చూసినవారికి నమ్మకం కలుగుతుంది. ఆ పేజీ వేసేదే అందుకు.

ఆ నలుగురి గురించి ఏం అడగాలో, ఎక్కడ చూడాలో ఈ వ్యాసంలో చెబుతున్నాము. ముందుగా ఒక్క సంగతి గుర్తు చేయాలి. 2025 అక్టోబరులో కోల్డ్‌రిఫ్ అనే దగ్గు మందు వార్త అందరం చదివాము. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా వైపు ఆ మందు తాగిన పిల్లలు మూత్రపిండాలు చెడి చనిపోయారు. ఇరవై మందికి పైగా పసివాళ్లు పోయారు. మందు తయారైంది మనం చెన్నైకి పోయే దారిలోనే, కాంచీపురం జిల్లా సుంగువార్‌సత్రంలోని ఒక చిన్న కంపెనీలో. తమిళనాడు ఔషధ నియంత్రణ శాఖ పరీక్షలో ఆ బ్యాచిలో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం 48.6 శాతం ఉన్నట్టు తేలింది. లైసెన్సు రద్దయింది, యజమాని అరెస్టయ్యాడు. మందుల వ్యాపారంలో పై కుర్చీలో ఎవరున్నారు, వాళ్లకు ఏ పని తెలుసు అన్నది డబ్బుతో మాత్రమే ముడిపడిన ప్రశ్న కాదు.

తిరుత్తణి పిల్లవాడు, వేలూరు తల్లులు

నాయకత్వం సరిగ్గా కుదిరితే చిన్న కంపెనీ ఎక్కడిదాకా పోగలదో చూపడానికి మనకు దూరం పోవలసిన పని లేదు. భారత్ బయోటెక్ స్థాపకుడు డాక్టర్ కృష్ణ ఎల్ల తిరుత్తణి ప్రాంతంలోని తెలుగు రైతు కుటుంబం నుంచి వచ్చినవారు. పాత ఉత్తర ఆర్కాడు లెక్క తెలిసిన పెద్దలకు తిరుత్తణి పరాయి ఊరు కాదు. 1911లో చిత్తూరు జిల్లా వేరు పడినప్పుడు అటు పోయింది, 1960లో సరిహద్దులు మార్చినప్పుడు తిరిగి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. (సర్వేపల్లి రాధాకృష్ణన్‌దీ ఆ ఊరే. ఆయన మన వేలూరు ఊరీస్ కాలేజీలో చదివారు. తిరుత్తణికీ వేలూరుకూ రాకపోకలు అంత పాతవి.)

కృష్ణ ఎల్ల చదువు మొదలైంది మందులతో కాదు, వ్యవసాయంతో. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో చదివి, బేయర్ కంపెనీలో కొంతకాలం పనిచేసి, రోటరీ ఫెలోషిప్ మీద అమెరికా వెళ్లారు. హవాయిలో ఎం.ఎస్., విస్కాన్సిన్‌లో పీహెచ్‌డీ, తరువాత దక్షిణ కరోలినా వైద్య విశ్వవిద్యాలయంలో పరిశోధన. ఇంటికి రమ్మని తల్లి పట్టుబట్టడం తాను తిరిగి రావడానికి ఒక కారణమని ఆయన చాలా సభల్లో చెప్పుకున్నారు. 1996లో హైదరాబాదులో భారత్ బయోటెక్ మొదలైంది. మొదటి పెద్ద సరుకు హెపటైటిస్ బి టీకా.

పత్రికలు ఎక్కువగా ఆయన గురించి రాస్తాయి. మేము మాత్రం రెండో పేరు దగ్గర ఆగమంటాము. కంపెనీని ఆయనతో కలిసి స్థాపించింది భార్య సుచిత్ర ఎల్ల. ఆమె మద్రాసు విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివినవారు. ప్రయోగశాల ఒకరిది, లెక్క, బ్యాంకు, పరిపాలన మరొకరివి. 2022లో పద్మభూషణ్ కూడా ఇద్దరికీ కలిపే వచ్చింది. ఇద్దరూ శాస్త్రవేత్తలే అయితే జీతాల రోజు వచ్చేసరికి తడబడేవారు, ఇద్దరూ వ్యాపారులే అయితే టీకా తయారయ్యేది కాదు.

ఈ కథలో మన ఊరికి ఇంకా దగ్గరి భాగం ఒకటుంది. పసిపిల్లలకు తీవ్రమైన విరేచనాలు తెచ్చే రోటావైరస్‌కు భారత్ బయోటెక్ చేసిన టీకా పేరు రోటావాక్. దానికి మూలమైన 116ఇ అనే వైరస్ రకాన్ని 1980ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ ఎం.కె. భాన్ బృందం నవజాత శిశువుల నుంచి వేరు చేసింది. ఆ పిల్లలకు వైరస్ సోకింది గానీ జబ్బు రాలేదు. టీకా పనికొస్తుందన్న ఆలోచన అక్కడే పుట్టింది. అక్కడి నుంచి టీకా పిల్లల నోట్లో చుక్కగా పడటానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. చివరి దశ పరీక్ష మూడు చోట్ల జరిగింది: ఢిల్లీ, పుణె, వేలూరు. మొత్తం 6,799 మంది శిశువులు పాల్గొన్నారు. వేలూరులో ఆ పని సీఎంసీది, డాక్టర్ గగన్‌దీప్ కాంగ్ నాయకత్వంలో జరిగింది. ఆమె తరువాత 2019లో లండన్ రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. ఆ గౌరవం అందుకున్న మొదటి భారతీయ మహిళా శాస్త్రవేత్త ఆమే. టీకా తీవ్రమైన రోటావైరస్ విరేచనాలను మొదటి ఏడాదిలో సుమారు 56 శాతం అడ్డుకుంటుందని తేలింది. 2015 మార్చిలో విడుదలై, 2016లో ప్రభుత్వ టీకాల కార్యక్రమంలోకి వచ్చింది. మొదట వచ్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

అంటే ఆ టీకా వెనక ఢిల్లీ పిల్లల డాక్టరు ఒకరు, తిరుత్తణి నుంచి అమెరికా పోయి వచ్చిన శాస్త్రవేత్త ఒకరు, లెక్క చూసుకున్న ఇల్లాలు ఒకరు, వేలూరు ఆస్పత్రి పరిశోధకురాలు ఒకరు ఉన్నారు. వీళ్లతో పాటు తమ పసిబిడ్డను పరీక్షకు ఒప్పించి తెచ్చిన వేలూరు తల్లులున్నారు. వాళ్ల పేర్లు ఏ కంపెనీ పుస్తకంలోనూ ఉండవు.

అయితే మన ప్రాంతం మనిషి కదా అని కళ్లు మూసుకోకూడదు. 2021 జనవరిలో కోవాక్సిన్‌కు అత్యవసర అనుమతి వచ్చినప్పుడు మూడో దశ పరీక్ష ఫలితాలు ఇంకా రాలేదు. దాని మీద శాస్త్రవేత్తలే ప్రశ్నలు వేశారు. 2022 ఏప్రిల్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్యాక్టరీ తనిఖీ తరువాత, తయారీ పద్ధతుల్లో లోపాలున్నాయని ఐక్యరాజ్యసమితి సంస్థల ద్వారా ఆ టీకా సరఫరాను ఆపింది. స్థాపకుడి చదువు ఎంత గొప్పదైనా ఫ్యాక్టరీ తనిఖీకి అది బదులు కాదు. పెద్ద కంపెనీకే ఇలా ఉంటే చిన్న కంపెనీ మాట చెప్పనక్కరలేదు.

మందులు తెలియనివాడు మందుల కంపెనీ పెట్టవచ్చా?

ఈ ప్రశ్న మాకు తరచు వస్తుంది. పెట్టవచ్చు, పెట్టి గెలిచినవారూ ఉన్నారు. శాంతా బయోటెక్నిక్స్ పెట్టిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి నెల్లూరు జిల్లావారు, చదివింది ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగు. రక్షణ శాఖ ప్రయోగశాలలో పనిచేశారు, ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక అభివృద్ధి సంస్థలో పనిచేశారు, బ్యాటరీల కంపెనీ చూసుకున్నారు. 1992లో జెనీవా వెళ్లినప్పుడు హెపటైటిస్ బి గురించి విన్నారు. టీకా సాంకేతికత అడిగితే విదేశీ కంపెనీ చులకనగా మాట్లాడి పంపిందని ఆయనే చెప్పుకున్నారు. 1993లో తల్లి పేరు మీద కంపెనీ పెట్టారు. ఆయనకు జీవశాస్త్రం రాదు. రాదని ఆయనకు తెలుసు. అందుకని శాస్త్రవేత్తలను కూర్చుకొని మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తరువాత సీసీఎంబీ ఆవరణలో పని చేయించారు. డబ్బు ఒమాన్ నుంచి వచ్చింది. ఆ దేశ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలవీ పెట్టుబడి పెట్టారు. 1997లో శాన్‌వాక్-బి విడుదలైంది, మన దేశంలోనే తయారైన మొదటి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకా అది. అంతదాకా దిగుమతి టీకా ధర మామూలు కుటుంబానికి అందేది కాదు.

అరబిందో ఫార్మాదీ ఇలాంటి జోడీయే. పి.వి. రాంప్రసాద్ రెడ్డి కామర్స్ చదివినవారు, కె. నిత్యానంద రెడ్డి ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివినవారు. 1986లో కంపెనీ పెట్టారు. మొదటి ఫ్యాక్టరీ హైదరాబాదులో కాదు, మన పక్కనే పుదుచ్చేరిలో. సెమీ సింథటిక్ పెన్సిలిన్‌తో మొదలుపెట్టారు.

ఇంతకంటే పాత ఉదాహరణ కావాలంటే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారున్నారు. ఆంధ్రపత్రిక పంతులుగానే మన పెద్దలకు ఎక్కువ తెలుసు. ఆ పత్రికను నడిపిన డబ్బు తలనొప్పి మందుది. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టే ముందు ఆయన కలకత్తాలో మందుల తయారీ పని నేర్చుకున్నారు, బొంబాయిలో విలియం అండ్ కంపెనీలో గుమాస్తాగా చేశారు. డిగ్రీ కన్నా ఆ గుమాస్తా ఉద్యోగమే ఆయనకు అక్కరకు వచ్చిందని మేము అనుకుంటాము. మందు ఎలా కలుపుతారో, ఎలా అమ్ముతారో రెండూ జీతం తీసుకుంటూ నేర్చుకున్నారు.

నేర్చుకున్న చోటు

తెలుగువారి మందుల కంపెనీల చరిత్రలో మాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది స్థాపకులు అంతకు ముందు పనిచేసిన చోటు. డాక్టర్ కల్లం అంజిరెడ్డి గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు రైతు కొడుకు. గుంటూరు ఏసీ కాలేజీ, బొంబాయి యూడీసీటీ, పుణె జాతీయ రసాయన ప్రయోగశాల, ఇదీ చదువు వరస. కానీ మందుల తయారీ చేత్తో నేర్చుకున్నది 1969 నుంచి 1975 వరకు హైదరాబాదు ఐడీపీఎల్‌లో, అంటే ప్రభుత్వ కంపెనీలో. తరువాత యూనిలాయిడ్స్, ఆ తరువాత స్టాండర్డ్ ఆర్గానిక్స్. 1984లో 25 లక్షల రూపాయల సొంత పెట్టుబడితో డాక్టర్ రెడ్డీస్ పెట్టినప్పుడు ఆయనకు అది మొదటి కంపెనీ కాదు, పదిహేనేళ్ల అనుభవం వెనక ఉంది. పైగా 1972లో అమల్లోకి వచ్చిన పేటెంట్ చట్టం మందుల మీద ఉత్పత్తి పేటెంటు తీసేసింది. అదే మందును వేరే పద్ధతిలో చేసుకునే వీలు కలిగింది. రసాయనం తెలిసినవాడికి అది తెరిచిన తలుపు.

ఆ గొలుసు అక్కడితో ఆగలేదు. దివీస్ పెట్టిన మురళి దివి, హెటెరో పెట్టిన బి. పార్థసారథి రెడ్డి ఇద్దరూ సొంత కంపెనీకి ముందు అంజిరెడ్డి కంపెనీల్లో పనిచేసినవారే. నాట్కో స్థాపకుడు వి.సి. నన్నపనేని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫార్మసీ చదివి, అమెరికా మందుల కంపెనీల్లో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చాక 1981లో మొదలుపెట్టారు. 2012లో నెక్సావర్ అనే క్యాన్సర్ మందుకు దేశంలో మొదటి కంపల్సరీ లైసెన్సు నాట్కోకే వచ్చింది. నెలకు 2.8 లక్షల రూపాయలున్న మందు 8,800కు దిగింది.

అందువల్ల ఫొటో కింద రాసిన పట్టా చూసి ఆగకండి. అంతకు ముందు ఏ ఫ్యాక్టరీలో, ఏ పనిలో, ఎన్నేళ్లు ఉన్నారని అడగండి. “పెద్ద కంపెనీలో పదేళ్లు” అన్న మాట చాలదు. మందుల కంపెనీలో పదేళ్లు కంప్యూటర్లు చూసుకున్నవారూ ఉంటారు, పదేళ్లు క్వాలిటీ విభాగంలో రాత్రి షిఫ్టు చేసినవారూ ఉంటారు. ఇద్దరూ గౌరవంగా బతికినవారే. చిన్న కంపెనీకి మొదట కావలసింది మాత్రం రెండో ఆయన.

ఫొటో లేని మనిషి

ఇక చట్టం సంగతి. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, దాని కింద 1945 నాటి నియమాలు మేనేజింగ్ డైరెక్టరుకు ఏ చదువూ నిర్ణయించలేదు. డబ్బున్న ఎవరైనా ఆ కుర్చీలో కూర్చోవచ్చు. చట్టం చదువు అడిగేది తయారీని దగ్గరుండి చూసే సాంకేతిక ఉద్యోగిని. మామూలు మాత్రలు, సిరప్‌ల వంటి వాటికి 71వ నియమం ప్రకారం కనీసం ఒకరు పూర్తికాల ఉద్యోగి ఉండాలి. ఫార్మసీ పట్టా ఉంటే తయారీలో 18 నెలల అనుభవం కావాలి, కెమిస్ట్రీ ముఖ్య విషయంగా బి.ఎస్సీ. అయితే మూడేళ్లు. టీకాలు, ఇంజెక్షన్ల వంటి వాటికి 76వ నియమం వేరుగా ఉంది. పరీక్షల విభాగం పెద్ద, తయారీ విభాగం పెద్ద కింద పనిచేసేవాడై ఉండకూడదు. వేరుగా ఉండాలి.

ఈ చివరి మాట మీద కొంచెం ఆలోచించండి. చిన్న కంపెనీలో సరుకు ఆలస్యమైతే యజమానికి నష్టం. పరీక్ష చేసే మనిషి “ఈ బ్యాచి పోనివ్వను” అనగలగాలి. అలా అన్నాక కూడా ఆయన ఉద్యోగం నిలవాలి. దగ్గు మందు కల్తీలో చేయవలసిన పరీక్ష కష్టమైనదేమీ కాదు. వచ్చిన ద్రావకం డ్రమ్ములో విషం కలిసిందో లేదో వాడే ముందే చూసుకోవాలి, అంతే. చూసే మనిషి ఉన్నాడా, ఉంటే ఆయన మాట చెల్లుతుందా అన్నదే ప్రశ్న. రంగుల పుస్తకంలో ఆ మనిషి ఫొటో ఉండదు. కంపెనీకి వెళ్లినప్పుడు ముందుగా ఆయన్ని చూపించమనండి. కేంద్ర ప్రభుత్వం 2023 డిసెంబరులో షెడ్యూల్ ఎం నియమాలను బిగించి, చిన్న కంపెనీలు కూడా కొత్త పద్ధతికి రావాలన్నది. దాని ఖర్చు ఎలా భరిస్తున్నారని అడిగినా చాలా సంగతులు బయటపడతాయి.

ఇంకొక రకం కంపెనీ మన ఊళ్లలో ఎక్కువ. ఫ్యాక్టరీ ఉండదు. హిమాచల్‌లోని బద్దిలోనో, హరిద్వార్‌లోనో వేరే వారి దగ్గర మందు చేయించి, తమ పేరు వేసి అమ్ముతారు. పీసీడీ ఫ్రాంచైజీ అని వినే ఉంటారు. వీటి నాయకులు చాలామంది మెడికల్ రెప్రజెంటేటివ్‌లుగా ఇరవై ఏళ్లు డాక్టర్ల గుమ్మాల దగ్గర నిలబడినవారు. అది తక్కువ పని కాదు, మార్కెట్టు వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మోసం కూడా కాదు. అయితే అది వ్యాపార కంపెనీ, పరిశోధన కంపెనీ కాదు. “మేము కనిపెట్టాము” అంటే మాత్రం ఆగి చూడాలి. అట్ట మీద తయారుచేసింది ఎవరు, అమ్మేది ఎవరు అని రెండు పేర్లుంటాయి. 2021 మార్చి 1 నుంచి అమ్మే కంపెనీ కూడా మందు నాణ్యతకు బాధ్యురాలే. తయారీ లైసెన్సు నంబరుకు బదులు 14 అంకెల ఆహార భద్రత నంబరు ఉంటే అది చట్టం దృష్టిలో మందే కాదు, ఆహార పదార్థం. పొడి డబ్బా అమ్ముతూ ఫార్మా అని పేరు పెట్టుకున్నవారు ఎందరో.

సలహాదారుల వరస

కొన్ని చిన్న కంపెనీలు తమలో లేని బలాన్ని సలహాదారుల పేర్లతో నింపుతాయి. రిటైరైన కలెక్టరు, మాజీ వైస్ ఛాన్సలరు, పేరున్న డాక్టరు. అమెరికాలో థెరనాస్ అనే రక్త పరీక్షల కంపెనీ కథ ఇందుకు అందరికన్నా పెద్ద ఉదాహరణ. 2003లో 19 ఏళ్ల అమ్మాయి ఎలిజబెత్ హోమ్స్ మొదలుపెట్టింది. బోర్డులో హెన్రీ కిసింజర్, జార్జ్ షుల్ట్జ్ వంటి మాజీ విదేశాంగ మంత్రులు కూర్చున్నారు. రక్త పరీక్ష యంత్రం గురించి అడగగలవాళ్లు వాళ్లలో దాదాపు లేరు. యంత్రం చెప్పినట్టు పనిచేయలేదు. 2022లో ఆమెకు పెట్టుబడిదారులను మోసం చేసినందుకు పదకొండేళ్లకు పైగా జైలు శిక్ష పడింది. పెద్దమనుషులు ఒకరి ముఖం చూసి ఒకరు నమ్మారు. చీటీ కంపెనీలు మునిగినప్పుడు మన వీధుల్లో జరిగేదీ అదే.

పేరు ముందు “డాక్టర్” ఉంటే ఏ డాక్టరో అడగడం తప్పు కాదు. ఎంబీబీఎస్ కావచ్చు, పీహెచ్‌డీ కావచ్చు, 2008 నుంచి మన దేశంలో ఉన్న ఫార్మ్.డి. కావచ్చు, గౌరవ పట్టా కావచ్చు. మన దేశపు పీహెచ్‌డీ అయితే సిద్ధాంత గ్రంథం శోధగంగ అనే ప్రభుత్వ భాండారంలో దొరికే అవకాశం ఎక్కువ. పాతవి కొన్ని అందులో ఉండవు, కాబట్టి దొరకనంత మాత్రాన అబద్ధమని తేల్చేయకండి. ఫార్మసిస్టునంటే రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్ రిజిస్టరులో పేరుండాలి.

డైరెక్టర్ల సంగతి కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో తెలుస్తుంది. కంపెనీ ఏ తేదీన పుట్టింది, ఇంకా బతికే ఉందా, రిజిస్టరు నుంచి పేరు తీసేశారా, డైరెక్టర్లు ఎవరు, బ్యాంకుకు ఏం తాకట్టు పెట్టారు. కొద్దిపాటి రుసుము కడితే ఏడాది లెక్కలు కూడా చూడవచ్చు. పుస్తకంలో “స్థాపకుడు” అని రాసిన మనిషి డైరెక్టర్ల పట్టికలో లేకపోతే ఎందుకు లేడో అడగాలి. ఒకే మనిషి పేరు మీద మూతపడిన కంపెనీలు నాలుగైదు ఉంటే వాటి కథ కూడా వినాలి. అంజిరెడ్డి గారిలా ముందు రెండు కంపెనీల్లో పనిచేసి బయటికి రావడం వేరు, ప్రతి రెండేళ్లకూ పేరు మార్చుకోవడం వేరు. కేంద్ర ఔషధ ప్రమాణాల సంస్థ ప్రమాణాలకు తగ్గిన మందుల జాబితాను నెలనెలా ప్రకటిస్తుంది. తయారీదారు పేరుతో ఆ జాబితాలు వెనక్కి తిరగేసి చూస్తే మంచిది.

డబ్బు, ఉద్యోగం

డబ్బు పెట్టమన్నప్పుడు ఒక నియమం గట్టిగా గుర్తుంచుకోండి. 2013 కంపెనీల చట్టం ప్రకారం ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ తన షేర్లు కొనమని ప్రజలను పిలవకూడదు, ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకోకూడదు. కరపత్రం వేసి, కల్యాణ మండపంలో మీటింగు పెట్టి, లక్షకు నెలకింత అని చెబితే వేదిక మీద ఎంత పెద్ద శాస్త్రవేత్త కూర్చున్నా ఆ పని చట్టానికి విరుద్ధం. మన కులంవాడు, మన భాషవాడు, మా పెద్దమ్మ వియ్యంకుడు అన్న మాటలతోనే ఇలాంటి మీటింగులకు జనం చేరతారు. తమిళ దేశంలో తరతరాలుగా ఒకరినొకరు నమ్ముకొని నిలబడిన మనకు ఆ నమ్మకమే బలం. అందుకే దాన్ని వాడుకునేవారూ ముందు మన దగ్గరికే వస్తారు.

మందు పరిశోధనకు పట్టే కాలం కూడా చూడండి. రోటావాక్‌కు ముప్పై ఏళ్లు. కొత్త మందు కనిపెడుతున్నామని చెప్పి రెండో ఏడాదే లాభం పంచుతామనే నాయకుడికి శాస్త్రమైనా తెలియదు, లేదా మీకు తెలియదని అనుకుంటున్నాడు.

నిజంగా ఈ దారిలో పోదలచిన పిల్లలకు మన చుట్టుపక్కల ఆసరా లేకపోలేదు. కాట్పాడి వీఐటీలో 2003 నుంచి టెక్నాలజీ బిజినెస్ ఇంక్యుబేటర్ ఉంది. సీఎంసీలో రోగిని, ప్రయోగశాలను పక్కపక్కన చూసే అవకాశం ఉంది. రాణిపేటలో పశువుల టీకాలు చేసే ప్రభుత్వ సంస్థ 1932 నుంచి నడుస్తోంది, దాని ముందు నుంచి వెయ్యిసార్లు బస్సులో పోయినా లోపల టీకా తయారవుతుందని మనలో చాలామందికి తెలియదు.

ఉద్యోగం వచ్చిన అబ్బాయి, అమ్మాయి జీతంతో పాటు ఇంకొకటి అడగాలి: నన్ను ఏ విభాగంలో వేస్తారు? ఇందాక చెప్పిన 18 నెలల లెక్క గుర్తుంది కదా. లైసెన్సున్న ఫ్యాక్టరీలో తయారీ పనిలో గడిపిన కాలమే అందులోకి వస్తుంది. ఆఫీసులో కూర్చొని ఆర్డర్లు రాసుకున్న కాలం రాదు. పరీక్షల విభాగంలో వేస్తామంటే అది మంచి చోటే, అయితే అక్కడి అనుభవాన్ని వేరుగా లెక్కిస్తారు. మానేసేటప్పుడు అనుభవ పత్రంలో విభాగం పేరు, ఏ రకం మందులు, తయారీ లైసెన్సు నంబరు, తేదీలు స్పష్టంగా రాయించుకోవాలి. చేరిన రోజే ఈ సంగతి మాట్లాడుకుంటే మంచిది. చిన్న కంపెనీ మూతపడ్డాక ఆ కాగితం మీద సంతకం పెట్టే మనిషి దొరకడు.